మోటుపల్లి రేవు నుండి ఆడిట్ ఉత్తరం దాకా: సుంకం కథ

మొన్న మాఘమాసంలో ఒకనాటి సాయంత్రం నా పూర్వ విద్యార్థి ఒకడు మా యింటికి వచ్చినాడు. నస్పూరు కాలనీలో పెరిగిన బొగ్గుబాయి కార్మికుని కుమారుడు. ఇప్పుడు హైదరాబాదులో ఉండి, గనుల యంత్రాలకు కావలసిన రబ్బరు భాగాలను విదేశాల నుండి తెప్పించి అమ్ముతుంటాడు. చేతిలో ఒక ఉత్తరం ఉన్నది. గడచిన సంవత్సరాల దిగుమతుల లెక్కలను ఆడిట్ చేయదలచినామనీ, పత్రాలు సిద్ధంగా ఉంచుకోవలసినదనీ కస్టమ్స్ శాఖవారు రాసిన ఉత్తరం.

"సారూ, సరుకొచ్చిన్నాడే సుంకం గట్టిన. వాళ్లే సూసి ఇడిచిపెట్టిండ్రు. అమ్ముడుగూడ అయిపాయె. ఇప్పుడు మళ్ల లెక్క జూపుమంటే ఏమనుకోవాలె?" అన్నాడు. గొంతులో కోపం కంటె భయమే ఎక్కువగా వినిపించింది.

వ్యాకరణమూ ఛందస్సూ చెప్పుకొని బ్రతికినవాణ్ణి, నాకు కస్టమ్స్ చట్టంతో ఏమి పని? కాని 'సుంకం' అన్న మాటతో నాకు పాత పరిచయం ఉన్నది. ఆ మాట వెంట నడిచి వెళ్తే వాని ప్రశ్నకు సమాధానం దొరుకుతుందేమోనని తోచింది. ఆ తరువాత కొన్ని వారాల పాటు నేను చదివినదీ, వాడు నాకు నేర్పినదీ కలిపి ఈ టపాగా రాస్తున్నాను.

సంస్కృత 'శుల్కం' తద్భవమై మనకు 'సుంకం' అయింది. వసూలు చేసేవాడు సుంకరి. అది నేటికీ ఎందరికో ఇంటిపేరుగా నిలిచి ఉన్నది. శుల్కాన్ని గురించి మనకు దొరికే మొదటి సమగ్ర వర్ణన కౌటిల్యుని అర్థశాస్త్రంలోనిది. మైసూరులో శామశాస్త్రిగారు 1905లో ఆ గ్రంథపు తాళపత్ర ప్రతిని గుర్తించి, 1909లో అచ్చు వేయించిన తరువాతనే అది లోకానికి తెలిసింది. అందులో శుల్కాధ్యక్షుడు నగర ద్వారం దగ్గర జెండా నిలిపి శుల్కశాల కట్టిస్తాడు. వచ్చిన వర్తకుడెవరు, ఎక్కడివాడు, ఎంత సరుకు తెచ్చినాడు, సరుకు మీద ముద్ర ఎక్కడ పడింది అన్న నాలుగు సంగతులూ రాసుకొంటారు. సుంకానికి భయపడి తూకమో వెలయో తగ్గించి చెప్పినవానికి సుంకానికి ఎనిమిది రెట్ల దండన. మేలు సరుకును నాసి సరుకు మాటున దాచినవానికీ అదే శిక్ష.

గమనించండి. పరిమాణం, వెల, సరుకు జాతి, వచ్చిన చోటు. నేటి కస్టమ్స్ అధికారి అడిగేవీ ఈ నాలుగే. రెండువేల యేండ్లు గడచినా ప్రశ్నపత్రం మారలేదు. మారినది పరీక్ష పెట్టే సమయం మాత్రమే. కౌటిల్యుడు ద్వారం దగ్గరనే అన్నీ తేల్చుకొన్నాడు. ద్వారం దాటిన సరుకును గురించి మూడేండ్ల తరువాత అడిగే పద్ధతి ఆయనకు లేదు.

ఇక మన తెలుగు నేలకు వద్దాము. బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర సముద్రపుటొడ్డున మోటుపల్లి ఉన్నది. ఈనాడు చిన్న గ్రామం. కాకతీయుల కాలంలో దేశి ఉయ్యకొండపట్టణమనే మారుపేరు గల గొప్ప రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరం 1166లో, అనగా క్రీ.శ. 1244లో వేయించిన శాసనం ఉన్నది. చరిత్రకారులు దానిని అభయశాసనమంటారు.

అభయమెవరికి? సముద్రం మీద వచ్చే వర్తకులకు. అంతకు ముందు రాజులు ఏమి చేసేవారో శాసనం దాపరికం లేకుండా చెప్పింది. ఒక దేశానికి పోతున్న ఓడ తుఫానుకు చిక్కి, పగిలి, తీరానికి కొట్టుకొని వస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ బలవంతంగా లాగుకొనేవారట. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించినాడు. ప్రాణం కంటె ధనమే మిన్న అనుకొని సముద్రానికి తెగించిన ఆ మనుషుల మీద దయతోనూ, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, నియమించిన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెట్టినాడు. ఆ సుంకం ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పది పాళ్లలో ఒక పాలు.

శాసనం అంతటితో ఆగదు. సరుకుల వారీగా పట్టిక కూడ ఇచ్చింది. శ్రీగంధానికి తూకం మీద సుంకం. కర్పూరానికి, చీనీ కర్పూరానికి, ముత్యాలకు వెల మీద. పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు మరొక వరుస. మిరియాలకు వేరు రేటు. పట్టుబట్టకు కట్ట లెక్కన, పోకలకు లక్షకింతని. ఈనాటి కస్టమ్స్ టారిఫ్ పుస్తకం తెరిచి చూడండి, ఇదే పద్ధతి. కొన్నిటికి వెల మీద, కొన్నిటికి కొలత మీద.

ఈ శాసనాన్ని మనం పాఠాలలో 'గణపతిదేవుడు విదేశీ వర్తకాన్ని ప్రోత్సహించెను' అన్న ఒక్క వాక్యంగా చెప్పి వదిలేస్తాము. నేనూ ముప్పయ్యేండ్లు అట్లాగే చెప్పినాను. ఇప్పుడు చూస్తే అందులోని ప్రాణం వేరుగా కనబడుతున్నది. రాజు తన చేతిని తానే కట్టుకొన్నాడు. 'ఇంతే తీసుకొంటాను, ఇంతకు మించి తీసుకోను' అని రాయి మీద రాసి, ఆ రాతిని వర్తకుడు చదువుకొనే చోట నిలిపినాడు. రేటు తెలిసినప్పుడే వర్తకుడు లెక్క వేసుకోగలడు. లెక్క వేసుకోగలిగినప్పుడే నిజం చెప్పడానికి ధైర్యం వస్తుంది. రుద్రమదేవి కాలపు ఈ రాజ్యాన్ని వెనీసు యాత్రికుడు మార్కో పోలో ముత్ఫిలి అన్న పేరుతో వర్ణించి, ఇక్కడి వజ్రాలనూ సన్నని బట్టలనూ మెచ్చుకొన్నాడంటే ఆ అభయం వృథా పోలేదన్నమాట.

కాకతీయుల తరువాత రెడ్డిరాజులు ఆ మాటను నిలబెట్టినారు. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరొక శాసనం వేయించినాడు. వచ్చి స్థిరపడదలచిన వర్తకులకు ఆదరణ, పోదలచినవారికి అడ్డు లేకుండుట, తమ సరుకును ఎవరికైనా అమ్ముకొనే స్వేచ్ఛ అందులోని హామీలు. మగసంతానం లేక చనిపోయినవాని సొత్తు రాజు తీసుకొనే అపుత్రిక పద్ధతినీ వారికి ఎత్తివేసినాడు. ఈ నేపథ్యంలోనే మన సాహిత్యానికి ఒక దిగుమతిదారు దక్కినాడు. శ్రీనాథుని హరవిలాసానికి కృతిభర్త అయిన అవచి తిప్పయసెట్టి. సింహళం నుండి ఏనుగులు, హురుముంజి నుండి గుర్రాలు, చీనా పట్టు, దూరద్వీపాల కర్పూరం తెప్పించి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సమకూర్చిన సెట్టి ఆయన. కావ్యం పుణ్యమా అని ఏ సరుకు ఏ దేశం నుండి వచ్చినదో మనకు ఈనాటికీ తెలుస్తున్నది. 'మూలదేశ ధ్రువపత్రం' అని ఇప్పుడు కస్టమ్స్‌వారు అడుగుతున్నదాన్ని శ్రీనాథుడు పద్యంలో పెట్టినాడని మా వానితో అంటే, వచ్చినప్పటి నుండి మొదటిసారి నవ్వినాడు.

రాత లేని చోట ఏమవుతుందో తెలియాలంటే మచిలీపట్నం పోవాలె. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో అది ఈ తీరానికంతటికీ పెద్ద రేవు. డచ్చివారు 1605లోనూ, ఆంగ్లేయులు 'గ్లోబ్' అనే ఓడ మీద 1611లోనూ అక్కడికి వచ్చినారు. రేవుల రాబడిని గుత్తకు పాడుకొన్నవాళ్లే అక్కడ అధికారులు. గుత్త సొమ్ము సర్కారుకు కట్టగా మిగిలినది తమది కనుక, ఎంత పిండితే అంత లాభం. ఆ ఓడ మీద వచ్చిన ఫ్లోరిస్ అనే వర్తకుడు రాసి పెట్టిన వృత్తాంతంలో ఒక ఘట్టం ఉన్నది. నూటికి నాలుగు చొప్పున సుంకమని ముందు మాట అయింది. సరుకు ఒడ్డుకు దిగిన తరువాత పన్నెండు ఇమ్మన్నారు. ముందు చెప్పిన మాట ఏదంటే, మా మాటను నమ్ముతారా మీ మాటను నమ్ముతారా అన్నది అధికారి ధోరణి. నోటి మాట గనుక నోరున్నవాడిదే గెలుపు. ఆ తగవులు చాలాకాలం సాగి, చివరకు ఆంగ్లేయులు 1632లో గోల్కొండ సుల్తాను నుండి ఏడాదికి ఇంత అని సుంకం మొత్తాన్ని నిర్ణయించే ఫర్మానా రాయించుకొన్న తరువాతనే కుదురుకొన్నారు. దానినే బంగారు ఫర్మానా అంటారు. ఆంగ్లేయుల తదుపరి చరిత్ర మనకు తెలిసినదే. దాని మంచిచెడ్డలు వేరే సంగతి. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒక్కటే, వాళ్లు కాగితం విలువను మనకంటె ముందు కనిపెట్టినారు.

మా నస్పూరు నిజాం రాజ్యంలోనిది. 1802లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన వర్తక సంధిలో సరుకుల మీద సుంకం నూటికి ఐదు అని నిర్ణయించుకొన్నారు. సుంకం వసూలు చేసే శాఖకు కరోడ్‌గిరి అని పేరు. మా పెద్దలు 'కరోడుగిరి నాకా' అనేవారు. ప్రాణహిత అవతలి ఒడ్డు బ్రిటిషు ఇలాకా. నది దాటితే పరాయి సరుకే. ఈ తరానికి ఆ మాటే తెలియదు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన పిమ్మట ఆ నాకాలు చరిత్రలో కలిసినవి.

దేశం మొత్తానికి 1878 నాటి సముద్ర సుంకాల చట్టం చాలాకాలం నడిచింది. దాని స్థానంలో 1962 కస్టమ్స్ చట్టం వచ్చి, 1963 ఫిబ్రవరి నుండి అమలయింది. ఆ చట్టంలో కూడ తొలి దశాబ్దాలలో పద్ధతి కౌటిల్యుని నాటిదే. వర్తకుడు పత్రం దాఖలు చేస్తాడు, అధికారి సరుకు చూసి సుంకం మదింపు చేస్తాడు, కట్టిన తరువాత విడుస్తాడు. అసలు మలుపు 2011 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటి నుండి మదింపు దిగుమతిదారుడే చేసుకోవాలె. సరుకు ఏ శీర్షిక కిందికి వస్తుంది, వెల ఎంత, ఏ రాయితీ వర్తిస్తుంది అని తానే తేల్చి, బిల్ ఆఫ్ ఎంట్రీలో రాసి, తానే లెక్కగట్టి చెల్లించాలె. చాలా సరుకు పెట్టె విప్పకుండానే బయటికి పోతుంది. అందుకు ప్రతిగా 2018లో చట్టంలో ఆడిట్ కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చి, నియమావళి చేసినారు. సరుకు వెళ్లిపోయిన తరువాత దిగుమతిదారుని కార్యాలయానికే వచ్చి పుస్తకాలు చూసే అధికారం శాఖకు ఉన్నది.

అనగా ద్వారం దగ్గర ఎంత వదులయిందో పద్దు పుస్తకం దగ్గర అంత బిగిసింది. మా వానికి అర్థం కానిది ఇదే. "వాళ్లే సూసి ఇడిచిపెట్టిండ్రు" అన్నాడు గదా? వాళ్లు చూడలేదు. నమ్మి విడిచిపెట్టినారు. నమ్మినవాడు తరువాత ఒకనాడు వచ్చి, నీవు రాసినది నిజమేనా అని అడగడంలో అన్యాయం లేదు. పరీక్ష హాలులో తనిఖీ లేకుండా రాయనిచ్చిన గురువు, ఇంటికి పోయి పేపరు దిద్దకుండా ఉంటాడా?

అయితే దోషమెప్పుడూ వర్తకునిదే అనుకొంటే పొరపాటు. బొగ్గు ప్రాంతంలో ఉండి బొగ్గు సంగతి చెప్పకపోతే ఎట్లా? 2012లో విదేశాల నుండి వచ్చే 'స్టీమ్ కోల్'కు కస్టమ్స్ సుంకం మినహాయించి, 'బిట్యుమినస్ కోల్'కు మాత్రం ఐదు శాతం ఉంచినారు. బొగ్గు తెప్పించినవారు స్టీమ్ కోల్ అని రాసుకొన్నారు. కరెంటు కేంద్రాలలో ఆవిరి పుట్టించే బొగ్గు గనుక వర్తక భాషలో అది స్టీమ్ కోలే. కాని టారిఫ్ భాష వేరు. బాష్పశీల పదార్థం 14 శాతానికి మించి, కిలోకు 5,833 కిలోకేలరీలు గాని అంతకంటె ఎక్కువ గాని వేడి ఇచ్చేదయితే (ఈ లెక్కకు తేమ, ఖనిజాంశాల సర్దుబాట్లు వేరే ఉన్నవి) అది బిట్యుమినస్ అని టారిఫ్ నిర్వచనం. దేశంలోని రేవులలో నోటీసులు, వ్యాజ్యాలు మొదలయినవి. చివరకు 2013-14 బడ్జెటులో, రెండు రకాలూ విద్యుత్ కేంద్రాలకే పోతున్నవనీ తప్పు వర్గీకరణ విపరీతంగా సాగుతున్నదనీ చెప్పి, ఆర్థికమంత్రి చిదంబరంగారు రెండింటికీ ఒకే రేటు, రెండు శాతం, పెట్టినారు. అంతకు ముందు దిగిన సరుకు మీది తగవులు మాత్రం ఆ తరువాత కూడ సాగినవి.

మా బొగ్గుబాయి మనుషులను అడిగితే చెప్పేవారు, ఒకే పొరలోని బొగ్గును పేరు మార్చి పిలిస్తే గ్రేడు మారదని. ఒకే పనికి వాడే సరుకుకు రెండు పేర్లు పెట్టి రెండు రేట్లు పెడితే, ఎంత నిజాయితీపరునికైనా తక్కువ రేటు పేరే నాలుక మీదికి వస్తుంది. గణపతిదేవుని పట్టికలో చీనీ కర్పూరానికీ నాటు కర్పూరానికీ ఒకే రేటు పెట్టినారంటే, రేవులో కూర్చున్న ఆ కాలపు కరణాలకు ఈ చిక్కు ముందే తెలిసి ఉంటుందని నా ఊహ. కనుక రాత రెండు వైపులా ఉండాలె. రాజు రేటు స్పష్టంగా రాయాలె, వర్తకుడు సరుకు నిజంగా రాయాలె. ఒకటి లేనినాడు రెండవది నిలవదు.

వర్తకుని వంతు రాత ఎట్లుండాలో ఇన్ని వారాలు వాని కాగితాల మధ్య కూర్చొని తెలుసుకొన్నాను. నాకు అర్థమయినది చెబుతాను.

మొదటిది, సరుకు పేరు. దానికి ఎనిమిదంకెల టారిఫ్ సంఖ్యను ఏ కారణంతో ఎంచుకొన్నారో ఆనాడే ఒక కాగితం మీద రాసి, తయారీదారు ఇచ్చిన వివరపత్రాన్నీ పరీక్షా నివేదికనూ జతపరచి ఉంచుకోవాలె. మూడేండ్ల తరువాత జ్ఞాపకం మీద చెప్పే కారణం సాకుగా వినిపిస్తుంది. ఆనాడే రాసినది సాక్ష్యమవుతుంది. కస్టమ్స్ బ్రోకరు వేసిన సంఖ్యే గదా అంటే చెల్లదు. పత్రం మీద ఉన్నది దిగుమతిదారుని పేరు.

రెండవది, వెల. ఇన్‌వాయిస్‌లోని అంకె ఒక్కటే వెల కాదు. ఆ సరుకు కోసం అమ్మకందారుకు వేరుగా పంపిన సొమ్ము, అతనికి ఉచితంగా ఇచ్చిన అచ్చులూ పనిముట్లూ, సరుకు కొనుగోలుకు షరతుగా ఉన్న రాయల్టీ, ఇవన్నీ 2007 నాటి విలువ నిర్ధారణ నియమాల ప్రకారం వెలలో చేరుతవి. అందువలన బ్యాంకు ద్వారా విదేశానికి పోయిన ప్రతి పైసాకూ, బిల్ ఆఫ్ ఎంట్రీలలో చూపిన మొత్తానికీ, జీఎస్టీ లెక్కలకూ పొత్తు కుదరాలె. కుదరని చోట ఎందుకు కుదరలేదో రాసి ఉండాలె.

మూడవది, మూలదేశం. ఒప్పందాల కింద సుంకంలో రాయితీ పొందేవారు అవతలి దేశపు ధ్రువపత్రం చూపితే సరిపోయే రోజులు పోయినవి. 2020 సెప్టెంబరు నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ఆ సరుకు నిజంగా ఆ దేశంలోనే ఎట్లా తయారయిందో దిగుమతిదారుడే వివరం తెలుసుకొని, ఆ పత్రాలను ఐదేండ్లు భద్రపరచాలె.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమయినది. వాళ్లు దిద్దకముందే మన పేపరు మనమే దిద్దుకోవడం. ఏడాదికొకసారి పాత పత్రాలలో కొన్నిటిని తీసి, పరాయివాని కళ్లతో చూడాలె. మామూలు పొరపాటు వలన తగ్గిన సుంకాన్ని రెండేండ్ల దాకా, మోసంతో ఎగవేసినదాన్ని ఐదేండ్ల దాకా అడగవచ్చునని చట్టం. పొరపాటు మామూలుదయి, నోటీసు రాకముందే తానుగా వడ్డీతో కట్టినవానికి జరిమానా లేదు. 2025 ఆర్థిక చట్టం ఇంకొక తలుపు తెరిచింది. సరుకు విడుదలయిన తరువాత కూడ దిగుమతిదారుడు తన ప్రకటనను తానే సవరించుకోవచ్చును. కాని ఆడిట్ మొదలయినదని తెలియజేసిన పిమ్మట ఆ తలుపు మూసుకుంటుంది.

మా వానికి ఆ తలుపు అప్పటికే మూసుకొన్నది. కాగితాలన్నీ మా వరండాలో పరిచి చూస్తుండగా, ఒక రబ్బరు భాగం కోసం అచ్చు చేయించడానికి విదేశీ కర్మాగారానికి విడిగా పంపిన సొమ్ము కనబడింది. బ్యాంకు పత్రంలో ఉన్నది, ఏ బిల్ ఆఫ్ ఎంట్రీలోనూ లేదు. దాచినది కాదు. అచ్చు అక్కడే ఉన్నది గదా, సరుకు మాత్రమే ఇక్కడికి వచ్చింది గదా అనుకొన్నాడట. వాని ముఖం తెల్లబోయింది. "చెప్పకుంటే వాళ్లకేం తెలుస్తది సార్?" అని ఒక్క క్షణం అన్నాడు. నేనేమీ అనలేదు. కొంతసేపటికి తానే, "లేదు సార్, నేనే చెప్త" అన్నాడు.

ఆడిట్‌కు వచ్చినవారి ముందు ఆ కాగితాన్ని మొదట తానే పెట్టి, లెక్కగట్టించుకొని వడ్డీతో చెల్లించినాడు. తక్కిన పద్దులన్నీ సరిపోయినవి. పోయిన డబ్బు చిన్నదేమీ కాదు, రెండు నెలలు ఇబ్బందిపడ్డాడు. వ్యాపారం నిలిచింది.

ఉగాదికి వచ్చినప్పుడు మోటుపల్లి ఎక్కడ ఉన్నదో దారి అడిగినాడు. ఎందుకురా అంటే, "ఆ రాయిని ఒకసారి సూసొస్త సార్" అన్నాడు. నేనూ వెంట వస్తానన్నాను. ముప్పయ్యేండ్లు పాఠంగా చెప్పినాను గాని, నేను కూడ ఇప్పటిదాకా ఆ రాయిని చూడలేదు.

ఇందులో పొరపాట్లుంటే శాసనాలు తెలిసిన మిత్రులూ, చట్టం తెలిసిన మిత్రులూ దిద్దగలరు. నా పేపరు ఇంకొకరు దిద్దడం నాకూ మంచిదే.